వేరు కుదిరే వరకు: గులాబీలతో, ఏళ్ల తరబడి పూసే మొక్కలతో నా అనుభవం

నేను మొదటిసారి నాటిన ఏడు గులాబీ మొక్కల్లో నాలుగు తొలి వానాకాలం దాటలేదు. నాలుగోది ఇక బతకదని తేల్చుకున్న రోజు దాని మొదలు పట్టుకుని పైకి లాగితే, నేల ఏమాత్రం పట్టి ఉంచనట్టుగా చేతిలోకి వచ్చేసింది. మూడు నెలలు నేలలో ఉన్న మొక్క అది. అయినా దాని వేర్లు ఇంకా కుండీ ఆకారంలోనే ముద్దగా చుట్టుకొని ఉన్నాయి. ఒక్క వేరు కూడా ఆ ముద్దను దాటి చుట్టూ ఉన్న మట్టిలోకి వెళ్లలేదు. నల్లబడిన ఒక వేరును రెండు వేళ్లతో పట్టి మెల్లగా లాగితే పైతోలు తొడుగులా ఊడి వచ్చి, లోపల సన్నని దారం మాత్రం మిగిలింది. మురుగు వాసన వచ్చింది. అప్పటిదాకా ఆ మొక్క నీళ్లు చాలక వాడిపోతోందనుకుని రోజూ రెండు పూటలా పోస్తూ వచ్చాను. నీటిలో నానిన వేరుకు గాలి అందదు, గాలి అందని వేరు నీటిని పీల్చలేదు, కాబట్టి నీళ్లు ఎక్కువై చనిపోయే మొక్క కూడా దాహంతో చనిపోయే మొక్కలాగే తల వాలుస్తుందని నాకు ఆ రోజు వరకు తెలియదు.

ఆ తరువాత నాలుగేళ్లలో అదే మడిలో గులాబీలను, వాటి మధ్య ఏటేటా తిరిగి పూసే ఇతర మొక్కలను నిలబెట్టుకోగలిగాను. ఆ క్రమంలో చేసిన పనులను, వాటి వెనుక ఉన్న కారణాలను, నష్టం కలిగించిన పొరపాట్లతో సహా ఇక్కడ రాస్తున్నాను.

నా మొదటి తప్పు మొక్కలో లేదు, గుంటలో ఉంది. ఇంటి పక్క నేల బంకమట్టి. అందులో కుండీ పట్టేంత గుంట తవ్వి, దాన్ని మాత్రం మంచి వదులు మట్టితో నింపి నాటాను. పార అంచు రాసుకుని నున్నగా మారిన ఆ బంకమట్టి గోడలు గిన్నెలా పనిచేశాయి. చుట్టుపక్కల కురిసిన నీరంతా వదులుగా ఉన్న ఆ గుంటలోకే దిగి, బయటికి పోయే దారి లేక అక్కడే నిలిచింది. రెండోసారి నాటే ముందు నేల నీటిని ఎంత త్వరగా వదులుతుందో చూడాలనుకున్నాను. అడుగు లోతు, అడుగు వెడల్పు గుంట తవ్వి నిండా నీళ్లు పోసి, అవి ఇంకాక మళ్లీ నింపి, రెండోసారి నింపిన నీరు ఎంత వేగంగా దిగుతుందో స్కేలు పెట్టి కొలిచాను. గంటకు కనీసం అంగుళమైనా దిగే నేల గులాబీకి పనికొస్తుంది. మా గుంటలో మర్నాడు ఉదయానికి కూడా సగం నీరు అలాగే ఉంది.

బంకమట్టిలో ఇసుక కలిపితే వదులవుతుందని చాలామంది చెప్పారు. కొద్దిపాటి ఇసుక కలిపి చూసిన మూల ఎండకు మునుపటికంటే గట్టిగా బిగుసుకుపోయింది. మట్టి రేణువులను విడదీసి, వాటి మధ్య గాలి నిలిచేలా చేసేది బాగా చివికిన సేంద్రియ పదార్థమే. అందుకని మడి మొత్తాన్ని ఒకటిన్నర అడుగుల లోతు తిరగదవ్వి, చివికిన పశువుల ఎరువు, ఆకు కంపోస్టు కలిపి, చుట్టూ అంచు కట్టి, నేల మట్టం కంటే అడుగు ఎత్తుకు లేపాను. ఈ పనికి మూడు వారాలు పట్టింది. నాలుగేళ్లలో ఈ మడి కోసం నేను చేసిన పనులన్నింటిలో ఎక్కువ ఫలితమిచ్చింది ఇదే. మట్టి ఆమ్లత కూడా కొలిపించాను. గులాబీకి 6 నుంచి 6.5 మధ్య పీహెచ్ అనుకూలం. అది బాగా పెరిగి మట్టి క్షారంగా మారితే, ఇనుము మట్టిలో ఉన్నా వేరుకు అందదు. లేత ఆకులు ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పసుపుగా మారడం ద్వారా ఆ సంగతి మొక్క మనకు తెలియజేస్తుంది. అదే పసుపు ముదురు ఆకుల్లో ఈనెల మధ్య ముందుగా కనిపిస్తే అది సాధారణంగా మెగ్నీషియం లోపం. ఏ వయసు ఆకు పసుపెక్కిందో చూడకుండా మందు వేయడం వృథా.

ఎండ విషయంలోనూ నా అంచనా తప్పింది. ఆ మడికి పగలంతా ఎండ ఉంటుందనే నమ్మకంతో ఉన్నాను. ఒక ఆదివారం ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఆరు వరకు గంటకోసారి వెళ్లి, ఏ భాగంలో ఎండ ఉందో, ఏ భాగంలో గోడ నీడ పడుతోందో కాగితం మీద గీసుకున్నాను. మడిలో మూడో వంతుకు నాలుగు గంటల ఎండ కూడా అందడం లేదని తేలింది. గులాబీకి రోజుకు కనీసం ఆరు గంటల నేరుటెండ కావాలి. అందులోనూ ఉదయపు ఎండ విలువైనది, ఎందుకంటే రాత్రి ఆకుల మీద చేరిన మంచు తడిని అది త్వరగా ఆరబెడుతుంది. ఎండ తక్కువైన చోట కొమ్మలు పొడవుగా సాగి, కొసన మొగ్గ లేకుండానే ఆగిపోతాయి. వాటిని గొడ్డు కొమ్మలంటారు. నీడ పడే ఆ మూడో వంతును గులాబీలకు కాకుండా వేరే మొక్కలకు కేటాయించాను.

రెండోసారి మొక్కలు తెచ్చుకునేటప్పుడు పువ్వులను చూడలేదు. మొదలు చూశాను: అంటు కట్టిన చోట ఉబ్బెత్తు గట్టిగా ఉందా, దాని పై నుంచి కనీసం మూడు బలమైన కొమ్మలు వచ్చాయా, కుండీ అడుగు రంధ్రంలోంచి తెల్లటి వేరు కొసలు కనిపిస్తున్నాయా అని చూసి ఎంచుకున్నాను. నాటేటప్పుడు వేర్ల ముద్దను చుట్టూ వేళ్లతో వదులు చేసి, సుడులు తిరిగిన వేర్లను విడదీశాను. అంటు కణుపు ఎంత ఎత్తులో ఉండాలనేది చలిని బట్టి ఉంటుంది. నేల గడ్డకట్టేంత చలి ఉండే ప్రాంతాల్లో అంటును ఒకటి రెండు అంగుళాలు మట్టి కిందకు దించి కాపాడుకుంటారు. అంత చలి లేని చోట అది మట్టికి రెండు అంగుళాలు పైన ఉండాలి, లేకపోతే తడికి కుళ్లుతుంది. నేను పైనే ఉంచాను. మొక్కకున్న పువ్వులను, మొగ్గలను అన్నింటినీ నాటిన రోజే తీసేశాను. చేతులు రాని పని అది, కానీ వేరు పట్టుకోవాల్సిన సమయంలో ఉన్న కాస్త శక్తి పువ్వుకు పోకూడదు. నాటేటప్పుడు గుంటలో రసాయన ఎరువు కూడా వేయలేదు, ఎందుకంటే అప్పుడే తెగిన వేరు కొసలను ఎరువులోని లవణాలు మాడుస్తాయి. ఇరవై మూడో రోజున ఒక మొక్క మీద ముదురు ఎరుపు రంగు చిగురు కనిపించింది. ఆకు పచ్చబడే ముందు లేత కణాలను ఎండ నుంచి కాపాడేందుకు మొక్క పూసుకునే రంగు అది. కుదురు దగ్గర కొమ్మను పట్టుకుని చాలా మెల్లగా కదిపి చూశాను. కదలలేదు. వేరు నేలను పట్టుకుంది.

ఆరు మొక్కలు ఇలా కుదిరాయి. ఏడోది మాత్రం బతికే ఉన్నా పెరగలేదు. మిగతావి మోకాలెత్తు దాటినా అది జానెడు దగ్గరే నిలిచిపోయింది, ఆకులు చిన్నవిగా వచ్చాయి, తెగులు మాత్రం ఏదీ లేదు. అది నాటిన చోట మా కంటే ముందు ఆ ఇంట్లో ఉన్నవారు చాలా ఏళ్లు గులాబీ పెంచారని తరువాత తెలిసింది. గులాబీ ఎన్నో ఏళ్లు ఉన్న మట్టిలో మళ్లీ గులాబీనే నాటితే కొత్త మొక్క ఇలా కుంగిపోతుంది; పాత వేర్ల చుట్టూ పెరిగిన శిలీంధ్రాలు, సూక్ష్మజీవులు, నులిపురుగులు దీనికి కారణమని భావిస్తారు. ముదురు మొక్క వాటిని తట్టుకుంటుంది, లేత వేరు తట్టుకోలేదు. ఆ మొక్కను లేపి వేరే చోట పెట్టాను, అక్కడ కోలుకుంది. ఆ మూలలో ఒకటిన్నర అడుగుల లోతు మట్టి తీసి, గులాబీ ఎన్నడూ లేని చోటి మట్టితో నింపి, చామంతి నాటాను.

రెండో ఏడాది వేసవి చివర ఒక మొక్క మొదట్లోంచి ఒక కొమ్మ పుట్టి, నెల రోజుల్లో మిగతా కొమ్మలన్నింటినీ మించిపోయింది. లేత ఆకుపచ్చ రంగు, సన్నని దగ్గర దగ్గర ముళ్లు, చిన్న ఆకులు. మొక్క ఇంత బలం పుంజుకుందని నేను ఎంతో సంతోషించి, దానికి ఊతకర్ర కూడా కట్టాను. పక్కింటి పెద్దాయన ముప్పై ఏళ్లుగా గులాబీలు పెంచుతున్నారు. ఒక సాయంత్రం గోడ దగ్గర నిలబడి దాన్ని చూసి, “ఇది మీరు తెచ్చుకున్న గులాబీ కాదండీ, కింది మొక్కది. మట్టి తీసి ఎక్కడ నుంచి పుట్టిందో ఒకసారి చూడండి” అన్నారు. చేత్తో మట్టి తీస్తే ఆ కొమ్మ అంటు ఉబ్బెత్తుకు మూడు వేళ్ల దిగువన, వేరు నుంచి పుట్టి ఉంది. మనం కొనే గులాబీల్లో చాలావరకు రెండు మొక్కలు కలిసి ఉంటాయి: పైన పువ్వు కోసం ఎంచుకున్న రకం, కింద బలమైన వేర్లున్న అడవి జాతి రకం. కింది మొక్క తన సొంత కొమ్మను పంపిందంటే ఆహారమంతా దానికే పోతుంది, కొన్నేళ్లకు పై రకం చచ్చిపోయి అడవి గులాబీ మాత్రం మిగులుతుంది. ఏడు పత్రకాలున్న (ఒకే ఆకు కాడకు ఏడు చిన్న ఆకులుగా విడిపోయిన) ఆకులు వస్తే అది అడవి కొమ్మ అని చాలామంది చెప్పే గుర్తు నమ్మదగింది కాదు, మేలైన రకాల్లో కూడా ఏడు పత్రకాల ఆకులు వస్తాయి. పుట్టిన చోటు చూడటం ఒక్కటే సరైన పరీక్ష. “కత్తిరించకండి, మళ్లీ నాలుగు పుడతాయి. పట్టుకుని కిందికి చీల్చేయండి” అని ఆయన చెప్పినట్టే, మొదట్లో ఉన్న కళ్లతో, అంటే చిగురు పుట్టే చోట్లతో సహా ఊడివచ్చేలా చీల్చేశాను. ఆ మొక్క నుంచి మళ్లీ అలాంటి కొమ్మ రాలేదు.

కత్తిరింపుల దగ్గర నేను అన్నింటికంటే ఎక్కువ భయపడ్డాను. పచ్చగా ఉన్న కొమ్మను కోయడానికి మనసు ఒప్పక మొదటి ఏడాది కొసలు మాత్రం గిల్లి వదిలేశాను. ఫలితంగా మొక్క మధ్యలో కొమ్మలు అల్లుకుపోయి, గాలి ఆడక, పువ్వులు అందనంత ఎత్తులో చిన్నవిగా పూశాయి. రెండో ఏడాది ధైర్యం చేశాను. చలి బలంగా ఉండే చోట్ల చలికాలం చివర, కళ్లు ఉబ్బడం మొదలైనప్పుడు ఈ పని చేస్తారు. వెచ్చటి చోట్ల వానలు తగ్గాక చేస్తారు. ముందుగా ఎండిన కొమ్మలు, తెగులు పట్టినవి, ఒకదానితో ఒకటి రాసుకునేవి తీసేశాను. మిగిలిన వాటిలో బయటి వైపు చూస్తున్న కన్నును వెతికి, దానికి పావు అంగుళం పైన, నీరు కంటి మీదకు జారకుండా ఏటవాలుగా కోశాను. మరీ పైన కోస్తే ఆ మిగిలిన మోడు ఎండి, ఎండు తెగులు కిందికి దిగుతుంది. మరీ దగ్గరగా కోస్తే కన్నే ఎండిపోతుంది. ఒక లావాటి కొమ్మను కోస్తే లోపలి గుజ్జు గోధుమ రంగులో ఉంది. మరో అంగుళం కిందికి కోశాను, అప్పటికీ మధ్యలో గోధుమ చుక్క. ఇంకో రెండు అంగుళాలు దిగాక అడ్డకోత తెల్లగా, తడిగా, చుట్టూ పచ్చని వలయంతో కనిపించింది. అక్కడ ఆపాను. మూడు వారాలకు సరిగ్గా ఆ కంటి నుంచే వేలెడు లావు చిగురు వచ్చింది.

పూత మధ్యలో కోయాల్సింది వాడిన పువ్వులను. పువ్వును అలాగే వదిలితే మొక్క కాయ కట్టి విత్తనం మీదకు దృష్టి మళ్లిస్తుంది. ఐదు పత్రకాలున్న తొలి ఆకు పైన కోస్తే ఆ ఆకు మూలలోని కన్ను మేల్కొని, వాతావరణాన్ని బట్టి ఆరు నుంచి ఎనిమిది వారాల్లో మళ్లీ పూస్తుంది. కానీ ఈ పద్ధతి అన్ని గులాబీలకూ పనికిరాదని నాకు గోడకు పాకించిన తీగ గులాబీ నేర్పింది. ఆ తీగను మిగతా వాటితో పాటే పొట్టిగా కత్తిరించాను, ఆ ఏడాదంతా ఒక్క పువ్వూ రాలేదు. అది ఏడాదికి ఒకేసారి, అదీ గత సంవత్సరం పెరిగిన కొమ్మల మీదే పూసే రకం. పూర్వం ఐరోపా గులాబీల్లో చాలావరకు ఇలాంటివే. 18వ శతాబ్దం చివర్లో చైనా గులాబీలు అక్కడికి చేరాక, వాటితో సంకరం చేయడం వల్ల పదే పదే పూసే గుణం ఇతర రకాల్లోకి వచ్చింది. పూతను అణచి ఉంచే ఒక జన్యువు చెడిపోవడమే ఆ గుణానికి మూలం. హైబ్రిడ్ టీ అనే సంకర గులాబీల వర్గంలో తొలిదిగా పేరుపొందిన ‘లా ఫ్రాన్స్’ 1867లో వచ్చింది. ఈ రోజు పూల కుండీల్లో కనిపించే పెద్ద పువ్వుల గులాబీలకు ఆ వంశమే ఆధారం. అందుకే ఇప్పుడు కత్తెర పట్టే ముందు ఆ మొక్క ఏ కొమ్మ మీద పూస్తుందో తెలుసుకుంటున్నాను. ఆ తీగను మాత్రం పూత అయిపోయిన వెంటనే కత్తిరిస్తున్నాను.

తెగుళ్లలో నన్ను ఎక్కువగా బాధపెట్టింది నల్లమచ్చ తెగులు. అంచులు పీచుగా ఉన్న గుండ్రటి నల్ల మచ్చ, చుట్టూ పసుపు, ఆ తరువాత ఆకు రాలడం. రెండు వారాల్లో మొక్క సగం బోసిపోయింది. నేను సాయంత్రం పని ముగించుకొని పైపుతో మొక్కను పై నుంచి తడిపేవాడిని. ఆకులు రాత్రంతా తడిగా ఉండేవి. ఈ శిలీంధ్రపు బీజం ఆకులోకి దిగాలంటే ఆకు సుమారు ఏడు గంటలు ఎడతెగకుండా తడిగా ఉండాలి. ఆ ఏడు గంటలను రోజూ నేనే సమకూర్చాను. అప్పటి నుంచి ఉదయమే, కుదురులో మాత్రమే నీళ్లు పోస్తున్నాను. రాలిన ఆకులను ఏరి దూరంగా పారేస్తున్నాను, ఎందుకంటే తెగులు వాటిలోనే దాగి మళ్లీ వానలకు పైకి చిందుతుంది. మందు లేకుండానే మరుసటి ఏడాది తెగులు చాలా తగ్గింది. బూడిద తెగులు తీరు ఇందుకు భిన్నం: దానికి ఆకు మీద నీరు అవసరం లేదు, పగలు వెచ్చగా, రాత్రి చల్లగా తేమగా ఉంటే చాలు. లేత ఆకులు ముడుచుకొని తెల్ల పొడి పట్టినప్పుడు గంధకం చల్లాను. ఎండ 30 డిగ్రీలు దాటే రోజుల్లో గంధకం ఆకును మాడుస్తుంది, వేపనూనె కొట్టిన రెండు వారాల లోపు కూడా వాడకూడదు.

రసం పీల్చే చిన్న పురుగులైన పేనుబంక లేత మొగ్గల మీద చేరినప్పుడు మొదట నీటి ధారతో కడిగేస్తాను, అదే చాలాసార్లు సరిపోతుంది. తగ్గకపోతే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, అది నీటిలో కలిసేందుకు కొద్ది చుక్కల సబ్బు ద్రావణం కలిపి సాయంత్రం పిచికారీ చేస్తాను. అక్షింతల పురుగులు వచ్చిన మొక్కను మాత్రం ముట్టుకోను. వాటి పిల్లపురుగులు, మొసలి ఆకారంలో నల్లగా ఉండేవి, పేనుబంకను తినేస్తాయి.

ఒక విషయం ఇక్కడ వివరంగా చెప్పాలి. మూడో ఏడాది ఒక ఉదయం ఆకుల అంచుల్లో గుండ్రటి కోతలు కనిపించాయి, పంచింగ్ మెషిన్‌తో తీసినంత నున్నగా. ఏదో పెద్ద పురుగు పడిందనుకుని మందు కలుపుకున్నాను. ఎందుకో ఆగి, మొక్క పక్కన కూర్చుని చూశాను. పావుగంటకు తేనెటీగ అంత ఉన్న ఒక ఈగ వచ్చి ఆకు అంచు మీద వాలి, తానే ఇరుసుగా గుండ్రంగా తిరుగుతూ దవడలతో కోసుకుంటూ పోయింది; చివరి పోగు తెగేలోపే రెక్కలు ఆడించి, ఆ పచ్చటి ముక్కను కాళ్ల మధ్య చుట్టగా మడిచి ఎగిరిపోయింది. పది సెకన్లు కూడా పట్టలేదు. అది ఆకులు కత్తిరించే జాతి తేనెటీగ. ఆ ముక్కలను అది తినదు, గుడ్డు పెట్టే గూటికి గోడలుగా పేర్చుకుంటుంది, పైగా పూలలో పరాగాన్ని మోస్తుంది. కలిపిన మందును పక్కన పెట్టేశాను. ఆ మొక్కకు ఆ కోతల వల్ల ఏ నష్టమూ జరగలేదు.

గులాబీల మధ్య ఖాళీల్లో, నీడ పడే భాగంలో ఏటేటా తిరిగి పూసే మొక్కలను పెట్టడం మొదట అలంకారం కోసమే. తరువాత వాటి ప్రయోజనం వేరే కనిపించింది: నేల కప్పబడి తేమ నిలుస్తుంది, గులాబీ పూత లేని వారాల్లో కూడా తేనెటీగలు, అక్షింతల పురుగులు మడిని వదిలిపోవు. నాటిన ఏడాది ఇవి పైకి పెద్దగా ఏమీ చూపించవు. మొదటి ఏడాది డే లిల్లీలు నాలుగు ఆకులతో అలాగే ఉండిపోతే నచ్చక పీకేద్దామనుకున్నాను. మూడో ఏడాది ఒక్కో దుబ్బు నుంచి పదేసి పూకాడలు వచ్చాయి. దాని ఒక్కో పువ్వు ఒక్క పగలే ఉంటుంది, కానీ ఒక కాడ మీద వరసగా మొగ్గలుంటాయి కాబట్టి పూత వారాల పాటు సాగుతుంది. ఇంట్లో పిల్లి ఉన్నవారు దీన్ని పెంచకూడదు, పిల్లులకు ఇది మూత్రపిండాలను దెబ్బతీసే విషం. జెర్బెరాను మాత్రం నేను రెండుసార్లు పోగొట్టుకున్నాను. ఆకులన్నీ పుట్టే నడిమి భాగం మట్టిలో కూరుకుపోతే కుళ్లుతుంది. ఇప్పుడు దాన్ని మట్టికి అర అంగుళం పైకి ఉండేలా నాటి, మొదలు దగ్గర మల్చింగ్ చేయడం, అంటే ఎండుటాకులు, గడ్డి పరవడం మానేశాను.

చామంతి విషయం నాకు చాలా రోజులు అంతుచిక్కలేదు. మడికి రెండు చివరలా ఒకే తల్లి మొక్క పిలకలను నాటాను. తూర్పు చివరవి నిండా పూస్తే, పడమటి చివరవి పచ్చగా, బలంగా ఉండి కూడా ఒక్క మొగ్గ వేయలేదు. మట్టి ఒకటే, నీళ్లు ఒకటే, ఎరువు ఒకటే. ఒక రాత్రి బయటికి వచ్చినప్పుడు చూస్తే, వాకిలి దీపం వెలుగు సరిగ్గా ఆ పడమటి మొక్కల మీద పడుతోంది. చామంతి పూత రాత్రి నిడివిని బట్టి మొదలవుతుంది. పొడవైన, తెగని చీకటి రాత్రులు వరసగా వస్తేనే అది మొగ్గ వేస్తుంది. మొక్కలు పగలు, రాత్రుల నిడివిని గుర్తిస్తాయని గార్నర్, అల్లార్డ్ అనే అమెరికన్ శాస్త్రవేత్తలు 1920లో ప్రకటించారు. నా మడిలో ఒక బల్బు ఆ రాత్రిని ముక్కలు చేస్తోంది. ఆ దీపానికి గోడ వైపు తిరిగే తొడుగు పెట్టాను. కొద్ది వారాల్లోనే ఆ మొక్కల కొసల్లో పెసర గింజంత మొగ్గలు కనిపించాయి.

ఏటేటా పూసే ఈ మొక్కల్లో రెండు మూడేళ్లకు దుబ్బు నడిమి భాగం ముదిరి బోసిపోతుంది, పూత అంచులకే పరిమితమవుతుంది. అప్పుడు విడదీయాలి. పూత అయిపోయాక దుబ్బును మొత్తంగా లేపి, మట్టి దులిపి, ముదిరిన మధ్య భాగాన్ని పారేసి, బయటి వైపున్న లేత పిలకలను వేర్లతో సహా విడదీసి నాటుకుంటాను. చామంతికి ఏటా, డే లిల్లీకి నాలుగేళ్లకోసారి చేస్తున్నాను. చామంతి పిలకలు జానెడు ఎదిగాక కొసలు గిల్లితే పక్క కొమ్మలు వచ్చి మొక్క గుబురవుతుంది, కానీ మొగ్గ వేసే కాలం దగ్గరపడ్డాక గిల్లితే ఆ ఏడాది పూతను మనమే తెంపినట్టు.

ఎరువుల గురించి చెప్పాల్సింది తక్కువే. చిగురించే సమయంలో ఒకసారి, ప్రతి పూత ముగిశాక ఒకసారి కంపోస్టుతో పాటు సమతుల ఎరువు వేస్తాను, వేసే ముందు, వేశాక నీళ్లు పోస్తాను. నత్రజని ఎక్కువైన ఏడాది ఆకులు ఏపుగా పెరిగాయి, పువ్వులు తగ్గాయి, పేనుబంక విపరీతంగా వచ్చింది. కుండీల్లో పెంచేవారు అంచుల వెంట తెల్లటి పొర కనిపిస్తే అది పేరుకున్న లవణమని గుర్తించి, అడుగు రంధ్రం నుంచి ధారగా కారేంత నీటితో మట్టిని కడగాలి.

నీళ్లు ఎప్పుడు పోయాలో చెప్పే లెక్కలన్నీ నేను వదిలేశాను. చూపుడు వేలును రెండో కణుపు దాకా మట్టిలోకి దించి చూస్తాను. కొసకు తడి తగిలితే పోయను, పొడిగా ఉంటే లోతుగా తడిసేంత పోస్తాను. ఎండిన ఆకులు, గడ్డి రెండు మూడు అంగుళాల మందాన, మొదలుకు మాత్రం తగలకుండా పరిచి ఉంచడం వల్ల ఆ తడి నిలుస్తోంది.

గత ఏడాది కత్తిరింపుల్లో, మొదటి వానాకాలాన్ని దాటి మిగిలిన మూడు మొక్కల్లో ఒకదాని నుంచి పెన్సిలంత లావున్న కొమ్మలు తీసి, ఒక్కొక్కటి ఏడు అంగుళాల ముక్కలుగా కోసి, పైన రెండు ఆకులు ఉంచి, తడి కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), ఇసుక కలిపిన కుండీలో గుచ్చి, తేమ పోకుండా పైన ప్లాస్టిక్ కవరు కప్పి నీడలో పెట్టాను. ఎనిమిది ముక్కల్లో ఐదు నల్లబడ్డాయి. మూడింటికి ఆరో వారంలో చిగురు వచ్చింది, కానీ చిగురు కొమ్మలో మిగిలిన శక్తితోనే రావచ్చు కాబట్టి నమ్మకుండా మరో రెండు వారాలు ఆగి, ఒకదాన్ని చెంచాతో లేపి చూశాను. కోసిన చోట చుట్టూ తెల్లటి గడ్డలాంటి అంచు కట్టి, దాని నుంచి అంగుళమున్నర పొడవున్న నాలుగు తెల్లని వేర్లు వచ్చాయి. విడి కుండీలోకి మార్చాను. ఇవి అంటు లేని, సొంత వేర్ల మీద నిలిచే మొక్కలు. కింది నుంచి ఏ కొమ్మ పుట్టినా అది ఆ గులాబీదే.

ఈ వారం ఆ మూడింటిలో ఒకదానికి తొలి మొగ్గ వచ్చింది. పచ్చటి రక్షక పత్రాల మధ్య నుంచి సన్నని గులాబీ రంగు గీత కనిపిస్తోంది. రెండు రోజులు చూశాను. మొక్క ఇంకా జానెడే ఉంది, కుండీ అడుగు రంధ్రంలో వేరు కొసలు కనిపించడం లేదు. ఈ ఉదయం ఆ మొగ్గను గిల్లి, కుదురులో నీళ్లు పోశాను.